హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి: శస్త్రచికిత్సా పద్ధతుల తులనాత్మక పరిశీలన

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 వ్యాధి స్వభావం
9.3 వ్యాధి నిర్ధారణ
9.4 అన్ని శస్త్రచికిత్సలకూ ఉమ్మడి సూత్రాలు
9.5 ప్రధాన శస్త్రచికిత్సా పద్ధతులు
9.6 పద్ధతుల మధ్య పోలిక
9.7 ఫలితాలను పోల్చేటప్పుడు గమనించవలసినవి
9.8 ఒకే దశా, రెండు మూడు దశలా?
9.9 శస్త్రచికిత్స తరవాత సంరక్షణ
9.10 సారాంశం
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో పేగుకు ఉన్న లోపం ఏమిటో వివరించగలుగుతారు.
• స్వెన్సన్, డ్యూహమెల్, సోవే పద్ధతులకూ, పాయువు ద్వారా చేసే పద్ధతికీ మధ్య తేడాలు చెప్పగలుగుతారు.
• ఒక పద్ధతి మరొక దానికన్నా మెరుగైనదని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాటను ఏ ఆధారాలతో పరీక్షించాలో గుర్తించగలుగుతారు.
• శస్త్రచికిత్స జరిగిన బిడ్డలో ప్రమాద సూచనలను గుర్తించి, తల్లిదండ్రులకు తగిన సలహా ఇవ్వగలుగుతారు.

9.1 పరిచయం

కిందటి భాగంలో జీర్ణనాళం గర్భస్థ దశలో ఎట్లా రూపొందుతుందో తెలుసుకున్నారు. ఆ నిర్మాణంలో కలిగే ఒక లోపం వల్ల వచ్చే వ్యాధిని ఈ భాగంలో పరిశీలిద్దాం. సుమారు 5,000 సజీవ జననాల్లో ఒక బిడ్డకు ఈ వ్యాధి ఉంటుంది. పెద్దపేగు చివరి భాగానికే పరిమితమైన రకం ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

డెన్మార్క్‌కు చెందిన పిల్లల వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఇద్దరు శిశువుల గురించి వివరించాడు. పుట్టినప్పటి నుంచి మలబద్ధకంతో బాధపడి ఆ ఇద్దరూ మరణించారు. వారి పెద్దపేగు విపరీతంగా ఉబ్బి ఉంది. ఉబ్బిన పేగే కంటికి కనిపించింది కాబట్టి, వ్యాధి అక్కడే ఉందని వైద్యులు చాలాకాలం భావించారు. ఆ భాగాన్ని కోసి తీసివేసేవారు. కొంతకాలానికి పైపేగు మళ్లీ ఉబ్బేది.

కాలువ చివర తూము మూసుకుపోతే నీరు వెనక్కి నిలిచి గట్లు పొర్లుతాయి. అప్పుడు గట్లను ఎంత బాగుచేసినా లాభం లేదు. తూమునే సరిచేయాలి. ఈ వ్యాధి విషయంలో ఆ సంగతిని శస్త్రచికిత్స ద్వారా నిరూపించినవాడు అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన ఓర్వార్ స్వెన్సన్. ఉబ్బిన పేగును పొట్టమీదికి తెరిచి మలానికి దారి కల్పిస్తే పిల్లలు కోలుకునేవారు. ఆ దారిని మూసి, పేగును పాత మార్గానికి కలపగానే బాధ తిరగబెట్టేది. దీన్నిబట్టి లోపం కిందనున్న భాగంలో ఉందని ఆయన గ్రహించాడు. చూడటానికి మామూలుగా, సన్నగా ఉన్న ఆ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్సను ఆయనా, అలెగ్జాండర్ బిల్ కలిసి 1948లో ప్రచురించారు. నేటి పద్ధతులన్నింటికీ అదే పునాది.

9.2 వ్యాధి స్వభావం

పేగు గోడలోని కండర స్తరాల మధ్య, శ్లేష్మ స్తరం కింద నాడీకణాల గుంపులు ఉంటాయి. వీటిని గాంగ్లియాన్ కణాలు అంటారు. పేగు అలలు అలలుగా ముడుచుకుంటూ, సడలుతూ మలాన్ని ముందుకు నెట్టడం వీటి అదుపులో జరుగుతుంది. గర్భస్థ దశలో సుమారు 5వ వారం నుంచి 12వ వారం వరకు నాడీ శిఖరం నుంచి బయలుదేరిన కణాలు నోటి వైపు నుంచి పాయువు వైపుకు ప్రయాణిస్తూ పేగు గోడలో స్థిరపడతాయి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోతే, అక్కడి నుంచి పాయువు వరకు ఉన్న పేగులో గాంగ్లియాన్ కణాలు ఉండవు. దీన్ని ఈ భాగంలో నాడీకణ రహిత పేగు అని వ్యవహరిద్దాం. ఈ పేగు సడలలేదు. ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పైపేగు మలాన్ని నెట్టడానికి ప్రయాసపడి క్రమంగా ఉబ్బుతుంది.

కణాల ప్రయాణం ఎక్కడ ఆగిందన్న దానిపై లోపం పొడవు ఆధారపడుతుంది. ప్రతి నలుగురు రోగుల్లో సుమారు ముగ్గురికి లోపం పురీషనాళానికీ, దానికి పైనున్న సిగ్మాయిడ్ పేగుకూ పరిమితమవుతుంది. కొద్దిమందిలో పెద్దపేగు మొత్తం నాడీకణ రహితంగా ఉంటుంది. ఆర్‌ఈటీ అనే జన్యువులో మార్పులకు ఈ వ్యాధితో సంబంధం ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది సాధారణం కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

9.3 వ్యాధి నిర్ధారణ

నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది మొదటి 24 గంటల్లోనే మెకోనియం అనే ముదురు ఆకుపచ్చని జిగురు మలాన్ని విసర్జిస్తారు. 48 గంటలు దాటినా విసర్జించకపోవడం, పొట్ట ఉబ్బడం, పసరు వాంతులు కావడం ఈ వ్యాధికి ముఖ్య సూచనలు.

మన ఇళ్లలో బిడ్డకు విరేచనం కాకపోతే తమలపాకు కాడను ఆముదంలో ముంచి పాయువులో పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం అలవాటు. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఉన్న బిడ్డకు కూడా దీనివల్ల ఒక్కసారిగా గాలి, మలం బయటికి వచ్చి పొట్ట తగ్గవచ్చు. 'తగ్గింది కదా' అని పెద్దలు ఊరుకుంటారు. వారం తిరగకముందే పొట్ట మళ్లీ ఉబ్బుతుంది. పుట్టిన నాటి నుంచి ఇట్లా బయటి సహాయంతోనే విరేచనం అవుతోందని తల్లి చెబితే, ఆరోగ్య కార్యకర్తగా మీరు దాన్ని మామూలు మలబద్ధకంగా తీసుకోకూడదు.

కాంట్రాస్ట్ ద్రవాన్ని పాయువు ద్వారా పంపి ఎక్స్‌రే తీస్తే సన్నని భాగం, ఉబ్బిన భాగం, వాటి మధ్య గరాటు ఆకారంలోని సంధి ప్రాంతం కనిపించవచ్చు. నవజాత శిశువుల్లో ఈ తేడా ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. కాబట్టి పురీషనాళం నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించే బయాప్సీయే తుది నిర్ధారణ. గాంగ్లియాన్ కణాలు లేకపోవడం, నాడీ తంతువులు లావెక్కి ఉండటం వ్యాధిని ధృవీకరిస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ఉబ్బిన పేగును మాత్రమే తొలగిస్తే వ్యాధి ఎందుకు తిరగబెడుతుంది?
ఆ) తుది నిర్ధారణకు ఏ పరీక్ష అవసరం?

9.4 అన్ని శస్త్రచికిత్సలకూ ఉమ్మడి సూత్రాలు

పద్ధతుల పేర్లు వేరైనా వాటి లక్ష్యం ఒకటే. ఆరోగ్యకరమైన పేగును కిందికి లాగి పాయువు దగ్గర కలపడం. అందుకే వీటన్నింటినీ 'పుల్ త్రూ' శస్త్రచికిత్సలు అంటారు. ప్రతి పద్ధతిలోనూ మూడు నియమాలు పాటించాలి.

1. నాడీకణ రహిత పేగును తొలగించాలి, లేదా మలం దారికి అడ్డు రాకుండా చేయాలి.
2. కిందికి లాగే పేగులో గాంగ్లియాన్ కణాలు సక్రమంగా ఉన్నాయని శస్త్రచికిత్స జరుగుతుండగానే బయాప్సీతో నిర్ధారించుకోవాలి. కంటికి కనిపించే ఉబ్బు మీదగానీ, ఎక్స్‌రే మీదగానీ ఆధారపడి కోయకూడదు.
3. మలాన్ని ఆపుకునే శక్తిని కాపాడాలి. ఇందుకు పాయువు చుట్టూ ఉన్న సంవరణి కండరాలు, పాయునాళంలోని డెంటేట్ రేఖ దెబ్బతినకూడదు. వచ్చినది గాలా, మలమా అని తెలిపే సున్నితమైన పొర ఆ రేఖ చుట్టుపక్కలే ఉంటుంది.

మొదటి నియమం ప్రకారం వీలైనంత కిందికి వెళ్లి కోయాలి. మూడో నియమం ప్రకారం మరీ కిందికి వెళ్లకూడదు. ఈ రెండింటి మధ్య సమన్వయాన్ని ఒక్కో పద్ధతి ఒక్కో విధంగా సాధిస్తుంది.

9.5 ప్రధాన శస్త్రచికిత్సా పద్ధతులు

9.5.1 స్వెన్సన్ పద్ధతి

నాడీకణ రహిత పేగును పురీషనాళంతో సహా, గోడ మొత్తం మందంతో, తొలగిస్తారు. మిగిలిన కొద్దిపాటి కింది అంచుకు ఆరోగ్యకరమైన పేగును కలిపి కుడతారు. లోపమున్న భాగం దాదాపు మిగలదు కాబట్టి, సిద్ధాంతరీత్యా ఇది అత్యంత సంపూర్ణమైన పద్ధతి.

ఇందులో ఉన్న చిక్కు కటి కుహరానికి సంబంధించినది. పురీషనాళం చుట్టూ మూత్రాశయానికీ, లైంగిక అవయవాలకూ వెళ్లే నాడులు ఉంటాయి. శస్త్రచికిత్సకుడు పేగు గోడను అంటిపెట్టుకుని విడదీస్తేనే అవి క్షేమంగా ఉంటాయి. అందువల్ల ఈ పద్ధతి ఫలితం చేయి తిరిగిన అనుభవం మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

9.5.2 డ్యూహమెల్ పద్ధతి

ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్డ్ డ్యూహమెల్ 1956లో దీన్ని ప్రచురించాడు. పురీషనాళం ముందువైపు ఉన్న నాడులను కదిలించకుండా ఉండటం ఆయన ఉద్దేశం. పురీషనాళాన్ని ఉన్నచోటే ఉంచి, ఆరోగ్యకరమైన పేగును దాని వెనుకగా కిందికి తెచ్చి, డెంటేట్ రేఖకు కొంచెం పైన కలుపుతారు. రెండు గొట్టాల మధ్యనున్న గోడను స్టేప్లర్ పరికరంతో కోసి ఒకే సంచిగా మారుస్తారు. ఈ సంచిలో ముందు సగం స్పర్శజ్ఞానం ఉన్న పాత పురీషనాళం. వెనుక సగం చలనశక్తి ఉన్న కొత్త పేగు.

పెద్దపేగు మొత్తం లోపించిన పిల్లల్లో చిన్నపేగును కిందికి తేవలసి వస్తుంది. అప్పుడు మలం కొంతసేపు నిలవడానికి ఈ సంచి ఉపయోగపడుతుంది. కాబట్టి అటువంటి సందర్భాల్లో చాలామంది ఈ పద్ధతిని ఎంచుకుంటారు. అయితే మధ్య గోడ పూర్తిగా తెగకపోతే ఒక పలక మిగిలిపోతుంది. పాత పురీషనాళాన్ని మరీ పొడవుగా వదిలితే అందులో మలం గడ్డకట్టి కొత్త పేగును నొక్కుతుంది.

9.5.3 సోవే పద్ధతి

ఇటలీలోని జెనోవా నగరానికి చెందిన ఫ్రాంకో సోవే 1960ల్లో దీన్ని ప్రవేశపెట్టాడు. పురీషనాళం లోపలి శ్లేష్మ స్తరాన్ని మాత్రమే ఒలిచివేసి, కండరపు తొడుగును అట్లాగే ఉంచుతారు. ఆ తొడుగు లోపలి నుంచి ఆరోగ్యకరమైన పేగును కిందికి లాగుతారు. పని అంతా తొడుగు లోపలే జరుగుతుంది కాబట్టి బయటి నాడులకు ప్రమాదం తక్కువ. సోవే మొదట పేగు కొసను కొన్నాళ్లు పాయువు బయట వేలాడేటట్లు ఉంచి, అతుక్కున్న తరవాత కత్తిరించేవాడు. అమెరికాకు చెందిన స్కాట్ బోలీ 1964లో వెంటనే కుట్టివేసే మార్పును సూచించాడు.

మిగిల్చిన తొడుగు కూడా నాడీకణ రహితమే. అది పొడవుగా ఉంటే కొత్త పేగును బిగించి, మలబద్ధకాన్ని తిరిగి కలిగించవచ్చు. శ్లేష్మ స్తరం ముక్కలు లోపల మిగిలిపోతే చీము పట్టవచ్చు. అందుకే నేడు చాలామంది పొట్టి తొడుగును మాత్రమే ఉంచుతారు, లేదా దాన్ని వెనుకవైపు చీలుస్తారు.

9.5.4 లాపరోస్కోపీ పద్ధతి, పాయువు ద్వారా చేసే పద్ధతి

అమెరికాకు చెందిన కీత్ జార్జ్‌సన్ 1995లో లాపరోస్కోపీ సహాయంతో పుల్ త్రూ చేసే విధానాన్ని ప్రచురించాడు. చిన్న రంధ్రాల ద్వారా బయాప్సీ తీసి, పేగును లోపలి నుంచి విడదీసి, మిగిలిన పని పాయువు నుంచి పూర్తిచేస్తారు. 1998లో మెక్సికోకు చెందిన డె లా టోరె, ఒర్తెగా పొట్ట తెరవకుండా మొత్తం పాయువు నుంచే చేసే విధానాన్ని ప్రచురించారు. ఇది మౌలికంగా సోవే పద్ధతికి కొనసాగింపు. అయితే ఈ మార్గం నుంచే స్వెన్సన్ తరహాలో పూర్తి మందంతో కూడా విడదీయవచ్చు. అంటే 'ఏ మార్గంలో చేరుకున్నారు', 'ఏ పొరలో విడదీశారు' అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. పద్ధతులను పోల్చేటప్పుడు ఈ రెండింటినీ కలిపివేయడం వల్లే చాలా గందరగోళం కలుగుతుంది.

పొట్టమీద కోత ఉండదు. కడుపులో అతుకులు ఏర్పడే అవకాశం తక్కువ. బిడ్డ త్వరగా పాలు తాగగలుగుతుంది. అయితే పాయువును ఎక్కువసేపు సాగదీసి పట్టుకుంటే సంవరణి కండరాలు దెబ్బతినవచ్చు. పని మొదలుపెట్టి కింది భాగాన్ని విడదీసిన తరవాత, లోపం అనుకున్నదాని కంటే పొడవుగా ఉందని తేలితే పథకమే మార్చవలసి వస్తుంది. అందుకే ముందుగా లాపరోస్కోపీ ద్వారానో, బొడ్డు దగ్గర చిన్న కోత ద్వారానో బయాప్సీ తీసి, పేగు స్థాయి తెలిసిన తరవాతే కింది పని ప్రారంభించేవారు చాలామంది ఉన్నారు.

9.6 పద్ధతుల మధ్య పోలిక

పట్టిక 9.1

| పద్ధతి | పురీషనాళాన్ని ఏం చేస్తారు? | ప్రధాన ప్రయోజనం | ప్రత్యేకంగా గమనించవలసిన సమస్య |
|---|---|---|---|
| స్వెన్సన్ | పూర్తి మందంతో తొలగిస్తారు | లోపమున్న భాగం దాదాపు మిగలదు | కటి నాడులకు గాయం |
| డ్యూహమెల్ | ఉంచి, వెనుక కొత్త పేగును కలుపుతారు | ముందువైపు నాడులు క్షేమం. పొడవైన లోపానికి అనువు | మధ్య పలక, సంచిలో మలం గడ్డకట్టడం |
| సోవే | లోపలి పొరను ఒలిచి, కండరపు తొడుగును ఉంచుతారు | బయటి నాడులు క్షేమం | తొడుగు బిగుసుకోవడం, చీము |
| పాయువు ద్వారా | లోపలి పొరను లేదా పూర్తి మందాన్ని తీస్తారు | కోత లేదు. త్వరగా కోలుకుంటారు | సంవరణి కండరాలు సాగడం |

కుట్టు ఊడి మలం లీకవడం, కుట్టు దగ్గర ఇరుకు ఏర్పడటం, పేగువాపు, మలబద్ధకం, బట్టల్లో మలం చిందడం ఏ పద్ధతిలోనైనా రావచ్చు.

9.7 ఫలితాలను పోల్చేటప్పుడు గమనించవలసినవి

'మా పద్ధతిలో ఫలితాలు బాగున్నాయి' అనే నివేదికలు ప్రతి పద్ధతికీ ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు కింది ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, పోల్చిన పిల్లలు ఒకే రకం వారా? పొడవైన లోపం ఉన్నవారికి ఎక్కువగా డ్యూహమెల్, పొట్టి లోపం ఉన్నవారికి ఎక్కువగా పాయువు ద్వారా పద్ధతి చేస్తే, ఫలితాల్లోని తేడా వ్యాధి తీవ్రత వల్ల వచ్చిందా, పద్ధతి వల్ల వచ్చిందా చెప్పలేం.

రెండోది, ఎంతకాలం గమనించారు? మలాన్ని ఆపుకోగలిగే శక్తిని నెలల బిడ్డలో కొలవలేం. సాధారణ పిల్లలు కూడా మూడేళ్ల వయసు దాకా పూర్తిగా నేర్చుకోరు. కాబట్టి ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉన్నారు, ఎప్పుడు పాలు పట్టారు అనే కొలతలు త్వరగా దొరుకుతాయి. బడికి వెళ్లే వయసులో బట్టలు తడుస్తున్నాయా అన్న జవాబుకు ఏళ్లు ఆగాలి. బిడ్డ జీవితానికి రెండోదే ముఖ్యం.

మూడోది, ఏ నిర్వచనం వాడారు? ఒకరు వారానికి రెండుసార్లు చిందడాన్ని 'సాధారణం' అని, మరొకరు 'లోపం' అని నమోదు చేస్తే ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టలేం.

నాలుగోది, ఎవరు చేశారు? ఒక పద్ధతిని వందలసార్లు చేసిన బృందాన్నీ, కొత్తగా మొదలుపెట్టిన బృందాన్నీ పోల్చితే తేలేది నైపుణ్యంలోని తేడాయే.

రోగులను యాదృచ్ఛికంగా విభజించి ఈ పద్ధతులను పోల్చిన అధ్యయనాలు చాలా తక్కువ. పొట్ట తెరిచి చేసిన దానికంటే పాయువు ద్వారా చేసినప్పుడు ఆసుపత్రిలో గడిపే కాలం తగ్గుతుందని చాలా నివేదికలు చూపాయి. దీర్ఘకాలంలో మలాన్ని ఆపుకునే శక్తి విషయంలో ఒక పద్ధతి మిగిలినవాటి కంటే స్పష్టంగా మెరుగైనదని నిర్ధారణ కాలేదు. సరైన స్థాయిలో కోయడం, డెంటేట్ రేఖను కాపాడటం, తరవాత ఏళ్ల తరబడి బిడ్డను గమనించడం అనేవి పద్ధతి పేరు కంటే ఎక్కువ ప్రభావం చూపుతాయి. తల్లిదండ్రులు 'ఏ ఆపరేషన్ మంచిది?' అని అడిగినప్పుడు, 'బయాప్సీని వెంటనే చదివే నిపుణుడు ఉన్నాడా? ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తారా? తరవాత ఎంతకాలం చూస్తారు?' అని వైద్యుణ్ని అడగమని చెప్పడం మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) సోవే పద్ధతిలో పొట్టి తొడుగును మాత్రమే ఎందుకు ఉంచుతారు?
ఆ) ఆరు నెలల పరిశీలనతో మలాన్ని ఆపుకునే శక్తిని ఎందుకు పోల్చలేం?

9.8 ఒకే దశా, రెండు మూడు దశలా?

పూర్వం మూడు దశలు సాధారణం. మొదట కొలాస్టమీ, అంటే పేగును పొట్టమీదికి తెరవడం. కొన్ని నెలల తరవాత పుల్ త్రూ. ఆ పైన కొలాస్టమీని మూయడం. ఇప్పుడు బిడ్డ స్థిరంగా ఉండి, పేగు సెలైన్ కడుగుడుకు తగ్గుతూ ఉంటే ఒకే దశలో పుల్ త్రూ చేస్తున్నారు.

అయితే పేగుకు రంధ్రం పడినప్పుడు, తీవ్రమైన పేగువాపు ఉన్నప్పుడు, ఆలస్యంగా రావడం వల్ల పేగు విపరీతంగా ఉబ్బినప్పుడు, శస్త్రచికిత్స సమయంలో బయాప్సీ చదివే సౌకర్యం లేనప్పుడు ముందుగా కొలాస్టమీ చేయడమే క్షేమం. పొట్టమీద సంచితో బిడ్డను ఇంటికి తీసుకెళ్లడానికి బంధువులు, ఇరుగుపొరుగు ఏమంటారోనని తల్లులు కుంగిపోతారు. అది తాత్కాలికమనీ, బిడ్డ బరువు పెరిగి తరవాతి ఆపరేషన్‌కు సిద్ధమవడానికేననీ మీరు ఓపికగా వివరించాలి.

9.9 శస్త్రచికిత్స తరవాత సంరక్షణ

మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు అనేకసార్లు విరేచనం కావచ్చు. పాయువు చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంది. జింక్ ఆక్సైడ్ వంటి రక్షణ పూతను ప్రతిసారీ మందంగా రాయాలి. కుట్లు మానేవరకు శస్త్రచికిత్సకుల అనుమతి లేకుండా పాయువులో థర్మామీటర్, ఎనిమా, తమలపాకు కాడ వంటివేవీ పెట్టకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఈ వ్యాధికి సంబంధించిన పేగువాపు. ఇది ఆపరేషన్‌కు ముందూ రావచ్చు, విజయవంతమైన ఆపరేషన్ తరవాతా రావచ్చు. దుర్వాసనతో చిమ్మినట్లు వచ్చే విరేచనం, పొట్ట ఉబ్బడం, జ్వరం, మగతగా ఉండటం దీని లక్షణాలు. మామూలు విరేచనాలనుకుని ఓఆర్‌ఎస్ ఇస్తూ ఇంట్లోనే ఉంచితే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే ఆసుపత్రికి పంపాలి. 'ఈ బిడ్డకు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధికి ఆపరేషన్ జరిగింది' అని చీటీలో స్పష్టంగా రాయాలి. ఆసుపత్రిలో సిరల ద్వారా ద్రవాలు, యాంటీబయాటిక్‌లు ఇస్తూ, గొట్టం ద్వారా పేగును నార్మల్ సెలైన్‌తో కడుగుతారు. మామూలు నీరు వాడకూడదు. అది రక్తంలోకి చేరి లవణాల సమతుల్యాన్ని దెబ్బతీస్తుంది.

ఆపరేషన్ తరవాత కూడా మలబద్ధకం కొనసాగితే కారణం వెతకాలి. కుట్టు దగ్గర ఇరుకు, కిందికి లాగిన పేగులో నాడీకణాల లోపం, బిగుసుకున్న తొడుగు, మిగిలిన పలక, సడలని లోపలి సంవరణి కండరం ఇందుకు కారణాలు కావచ్చు. ఇవేవీ లేకపోతే ఆహారం, మందులు, క్రమబద్ధమైన మలవిసర్జన అలవాటుతో చాలామంది మెరుగుపడతారు. బడిలో బట్టలు పాడవుతున్న పిల్లవాడిని బద్ధకస్తుడని తిట్టడం వల్ల ఉపయోగం లేదు. అతనికి కావలసింది మళ్లీ వైద్య పరీక్ష.

9.10 సారాంశం

హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో లోపం ఉబ్బిన పేగులో ఉండదు, దాని కిందనున్న నాడీకణ రహిత భాగంలో ఉంటుంది. స్వెన్సన్ పద్ధతి ఆ భాగాన్ని పూర్తిగా తొలగిస్తుంది. డ్యూహమెల్ పద్ధతి పురీషనాళాన్ని ఉంచి దాని వెనుక దారి కల్పిస్తుంది. సోవే పద్ధతి లోపలి పొరను మాత్రమే తొలగిస్తుంది. లాపరోస్కోపీ, పాయువు మార్గం ఈ పనిని చిన్న కోతలతో, లేదా కోత లేకుండా చేసే దారులు. దీర్ఘకాల ఫలితాల్లో ఏ ఒక్కటీ స్పష్టంగా పైచేయి సాధించలేదు. సరైన స్థాయి, కాపాడిన సంవరణి కండరాలు, అనుభవం గల బృందం, తరవాతి పర్యవేక్షణ కలిసి బిడ్డ భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్వెన్సన్, డ్యూహమెల్, సోవే పద్ధతులను పోల్చి, ఒక్కోదాని గుణదోషాలను వివరించండి.
2. రెండు శస్త్రచికిత్సా పద్ధతుల ఫలితాలను పోల్చేటప్పుడు గమనించవలసిన అంశాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పుల్ త్రూ శస్త్రచికిత్సలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న మూడు నియమాలు ఏవి?
2. ముందుగా కొలాస్టమీ చేయవలసిన సందర్భాలు పేర్కొనండి.
3. ఆపరేషన్ అయిన ఏడు నెలల బిడ్డకు జ్వరం, పొట్ట ఉబ్బు, దుర్వాసనతో విరేచనాలు ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్తగా మీరు ఏం చేస్తారు? ఎందుకు?

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
1. అ) అడ్డంకికి కారణమైన నాడీకణ రహిత భాగం కింద అట్లాగే ఉండటం వల్ల. ఆ) పురీషనాళం బయాప్సీ.
2. అ) తొడుగు కూడా నాడీకణ రహితమే కాబట్టి, పొడవుగా ఉంటే కొత్త పేగును బిగిస్తుంది. ఆ) ఆ వయసులో సాధారణ పిల్లలకు కూడా మలాన్ని ఆపుకునే శక్తి రాదు కాబట్టి.